మచ్చిక తప్పిన పిల్లులు: జీవకారుణ్యంలో ఒక ధర్మసంకటం

తెలుగునాట ఇల్లు వదిలి బయలుదేరే వేళ పిల్లి ఎదురైతే, వెనక్కు తిరిగి గ్లాసెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ అడుగు బయట పెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. బ్రిటన్‌లో నల్లపిల్లి ఎదురైతే మంచి జరుగుతుందని చాలామంది నమ్మకం. పిల్లుల సంరక్షణ కోసమే ఇక్కడ 1927లో ఒక సంఘం ఏర్పడింది; నేడది కాట్స్ ప్రొటెక్షన్ అన్న పేరుతో పనిచేస్తున్నది. ఇంతటి జంతుప్రీతి గల దేశంలో ఒక రకం పిల్లి విషయమై జంతుప్రియులే రెండు మూడు పక్షాలుగా చీలి, దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. అది ఇల్లూ యజమానీ లేని పిల్లి. ఆ వాదంలో ఎవరూ కఠినాత్ములు కారు. అందరి వాదానికీ మూలం దయే. అయినా ఒకరి దయ మరొకరికి క్రూరంగా కనిపిస్తున్నది. ఎందువల్ల?

ఎవరీ పిల్లులు?

ఇంగ్లీషులో ‘ఫెరల్’ అని పిలిచే ఈ ప్రాణిని తెలుగులో మచ్చిక తప్పిన పిల్లి అనవచ్చు. జాతిరీత్యా ఇది ఇళ్ళలో సోఫాల మీద నిద్రపోయే పిల్లికి సొంత చుట్టమే. తేడా అంతా పెంపకంలో ఉన్నది. పిల్లికూనకు రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు గడిచే కాలం చాలా ముఖ్యమైనది. ఎవరిని నమ్మవచ్చునో, ఎవరికి భయపడాలో అది ఆ రోజులలోనే నేర్చుకుంటుంది. అప్పుడు మనిషి స్పర్శ ఎరుగని కూన, పెద్దదైన తరువాత మనిషిని చూస్తే పారిపోతుంది. అటువంటి పిల్లిని తెచ్చి గదిలో పెట్టి పెంచడం మనకు దయ అనిపించినా, దానికి చెరగానే తోస్తుంది. తప్పిపోయిన పెంపుడు పిల్లి సంగతి వేరు. అది కొన్నాళ్ళు బెదిరినా, ఓపిక పడితే మళ్ళీ ఒడి చేరుతుంది. స్కాట్లండు కొండలలోని అడవిపిల్లి వీటన్నిటికీ వేరు. మనిషికి ఎన్నడూ మచ్చిక కాని జాతి అది.

మచ్చిక తప్పిన పిల్లులు ఆస్పత్రి వంటశాలల వెనుక, కర్మాగారాల ఆవరణలలో, రేవులలో, పొలాల కొట్టాలలో గుంపులుగా బ్రతుకుతాయి. తప్పిపోయినవీ మచ్చిక తప్పినవీ కలిపి, బ్రిటన్ పట్టణ ప్రాంతాలలో యజమాని లేని పిల్లులు సుమారు 2,47,000 ఉంటాయని 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది. రాత్రివేళ తిరిగే ప్రాణిని లెక్కపెట్టడం సులభం కాదు. కాబట్టి అసలు సంఖ్య 1,57,000 నుంచి 3,66,000 వరకు ఎంతైనా ఉండవచ్చునని ఆ పరిశోధకులే చెప్పారు.

ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే చూలు కట్టగలదు. గర్భకాలం తొమ్మిది వారాలు మాత్రమే. ఒకే ఏడాదిలో రెండు మూడు ఈతలు సాధ్యం. కూనలలో చాలా భాగం జబ్బులకూ చలికీ చనిపోయినా, గుంపు మాత్రం తరగదు.

బోను, కత్తి, చెవి గురుతు

1970ల వరకు ఈ గుంపులు బెడదగా మారిన చోట, పట్టి చంపడమే వాడుకలో ఉన్న పద్ధతి. ఖాళీ అయిన స్థలంలోకి కొంతకాలానికి కొత్త పిల్లులు వచ్చి చేరడాన్ని, వాటికి రోజూ తిండి పెట్టే స్త్రీలు ముందుగా గమనించారు. 1960లలో ఫ్యాషన్ మోడల్‌గా పేరు పొందిన సీలియా హ్యామండ్ ఆ వృత్తి వదిలి, వీధి పిల్లులను పట్టి, సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయించి, తిరిగి అదే చోట వదిలే పనికి పూనుకున్నారు. ఆమె పేరిట ధర్మసంస్థ 1986లో ఏర్పడింది. అంతకు ముందే 1977లో రూత్ ప్లాంట్ ఇదే ధ్యేయంతో క్యాట్ యాక్షన్ ట్రస్టును స్థాపించారు. 1980లో జంతు సంక్షేమం కోసం పనిచేసే విశ్వవిద్యాలయాల సమాఖ్య రాయల్ హాలొవే కళాశాలలో సదస్సు జరిపి ఈ సమస్యను శాస్త్రజ్ఞుల ముందుంచింది.

కత్తికంటె ముందు రసాయనాన్ని కూడా ప్రయత్నించారు. ఆ సమాఖ్యలో పనిచేసిన పశువైద్యురాలు జెన్నీ రెంఫ్రీ, మెజెస్ట్రాల్ ఎసిటేట్ అనే కృత్రిమ హార్మోనును ఆహారంలో కలిపి పెట్టిన ప్రయోగాన్ని 1978లో ప్రచురించారు. ఇది ప్రొజెస్టిరాన్‌ను అనుకరించే పదార్థం. గర్భం ఉన్నదన్న భ్రాంతిని శరీరంలో కలిగించి, అండం విడుదల కాకుండా ఆపుతుంది. చిక్కంతా మోతాదులో ఉన్నది. ఇంట్లో ఒక పిల్లికి మాత్ర మింగించడం వేరు; చీకట్లో వచ్చిపోయే గుంపులో ప్రతి ఆడపిల్లికీ వారం వారం తప్పకుండా అందించడం వేరు. బలమైనది రెండు వంతులు తింటే, పిరికిది పస్తుంటుంది. దీర్ఘకాలం వాడితే గర్భాశయ వ్యాధులు, మధుమేహం వచ్చే అవకాశమున్నది. అందువల్ల ఒక్కసారితో పని ముగిసే శస్త్రచికిత్సే నిలిచింది. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనను సెంటీమీటరుకు కొంచెం తక్కువగా కత్తిరిస్తారు. దూరం నుంచే ఆ గురుతు కనబడుతుంది కనుక, ఆ పిల్లిని మళ్ళీ బల్ల ఎక్కించే అవసరం రాదు.

శస్త్రచికిత్స తరువాత ఇరుగుపొరుగుల ఫిర్యాదులు తగ్గడానికి రసాయన కారణమొకటి ఉన్నది. గండుపిల్లి మూత్రంలో ఫెలినీన్ అనే గంధకం గల అమైనో ఆమ్లం ఉంటుంది. దానికి స్వతహాగా పెద్ద వాసన లేదు. గాలి తగిలి, సూక్ష్మజీవుల చర్యకు లోనై విచ్ఛిన్నమైనప్పుడు థయాల్ తరగతికి చెందిన పదార్థాలు వెలువడతాయి. ఎరిగిన ముక్కు ఎన్నటికీ మరువలేని ఆ ఘాటు వాటిదే. ఫెలినీన్ తయారీకి తోడ్పడే కాక్సిన్ అనే ఎంజైమును జపాను శాస్త్రజ్ఞులు గుర్తించి, 2006లో దాని పనితీరును వివరించారు. ఈ వ్యవస్థ పురుష హార్మోను అదుపులో నడుస్తుంది. వృషణాలు తొలగిస్తే ఫెలినీన్ ఉత్పత్తి బాగా తగ్గుతుంది. వాసనతో పాటు రాత్రిపూట పోట్లాటలూ అరుపులూ తగ్గుతాయి. ‘పిల్లులను తీసివేయండి’ అని అడిగినవారు తరచు కోరేది ఆ వాసన, ఆ గోల పోవాలనే.

చిల్లికుండ లెక్క

ఇక్కడే మొదటి అభిప్రాయభేదం. వదిలిన పిల్లులు వయసు మీరి చనిపోతే గుంపు తనంతట తాను అంతరిస్తుందని ఒక పక్షం ఆశ. అది నిజంగా జరుగుతుందా అని మరొక పక్షం ప్రశ్న. 2004లో అమెరికాలో వెలువడిన ఒక గణిత నమూనా ప్రకారం, గుంపు తరగాలంటే సంతానయోగ్యమైన పిల్లులలో ఏటా 75 శాతానికి పైగా శస్త్రచికిత్స చేయాలి. ప్రాణం తీసే పద్ధతిలో 50 శాతానికి పైగా తొలగించాలి. ‘చంపడమే తక్కువ శ్రమ’ అని దీన్ని చదివినవారున్నారు. కాని ఆస్ట్రేలియాలోని టాస్మేనియా అడవులలో కొద్దికొద్దిగా పిల్లులను తొలగించి చూసినప్పుడు, అక్కడ పిల్లుల సంఖ్య తగ్గకపోగా పెరిగినట్లు 2015లో తేలింది. బలమైన పిల్లులు పోయిన చోటికి చుట్టుపట్ల నుంచి కొత్తవి వచ్చాయని పరిశోధకుల ఊహ.

రెండు ఫలితాలకూ వైరుధ్యం లేదు. రసాయనశాస్త్రంలో మూసిన పాత్రకూ తెరిచిన పాత్రకూ లెక్కలు వేరు. నీరు బయటినుంచి వచ్చి పడుతున్న తొట్టిని చెంబుతో తోడి ఎండగట్టలేము. ముందు ధార కట్టాలి. చంపినా, కోసి వదిలినా, వలస ఆగని చోట ఫలితం స్వల్పం. తిండి పెట్టే మనిషి రోజూ గమనిస్తూ, కొత్తగా వచ్చిన పిల్లిని వెంటనే పట్టించే చోట గుంపు నిజంగానే చిక్కిపోతుంది. అటువంటి మనిషి లేని చోట పిల్లిని తిరిగి వదలడం, జనవరి చలిలో దాన్ని దాని ఖర్మకు వదిలివేయడమే అని పిల్లులను ప్రేమించేవారిలోనే కొందరు అంటారు. ఆ మాటలో న్యాయమున్నది.

పక్షుల పక్షం

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు. పక్షిప్రియుల బాధ కూడా ఇదే. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఫెల్మర్షం గ్రామంలో సుమారు 70 పెంపుడు పిల్లులు ఏడాదిలో ఇంటికి తెచ్చిన వేటను చర్చర్, లాటన్ అనే శాస్త్రజ్ఞులు లెక్కించి 1987లో ప్రచురించారు. వెయ్యికి పైగా ప్రాణులు తేలాయి. ఆ ఊరి పిచ్చుకల మరణాలలో కనీసం 30 శాతానికి పిల్లులే కారణమని వారి అంచనా. తరువాత మామల్ సొసైటీ సర్వే ఆధారంగా, 1997 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు బ్రిటన్ పిల్లులు దాదాపు 9.2 కోట్ల ప్రాణులను ఇంటికి తెచ్చాయని, వాటిలో 2.7 కోట్లు పక్షులని లెక్క కట్టారు.

సంఖ్య భయం గొలిపేదే. అయితే పక్షుల సంరక్షణ కోసం 1889లో పుట్టిన ఆర్.ఎస్.పి.బి. సంస్థే, తోటలలో పిల్లుల వేట వల్ల దేశమంతటా పక్షుల సంఖ్య తరుగుతున్నదనడానికి స్పష్టమైన శాస్త్రీయ ఆధారం లేదని చెబుతూ వచ్చింది. పిల్లి నోట పడిన పక్షులలో చాలా వాటికి ఆకలి వల్లనో జబ్బు వల్లనో ఎలాగూ చావు తప్పకపోవచ్చు. ఎన్ని చనిపోయాయన్నది ఒక ప్రశ్న. ఆ చావుల వల్ల జాతి తరిగిందా అన్నది మరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే వాదంలో సగం వేడి పుడుతున్నది.

స్కాట్లండులో సంకరం

పట్టణంలో తేలని ఈ తగవు స్కాట్లండులో మరొక రూపం దాల్చింది. అక్కడ ముప్పు పిల్లి పంజాతో రాలేదు, దాని పొత్తుతో వచ్చింది. అడవిపిల్లీ ఇంటిపిల్లీ కలిస్తే సంతానయోగ్యమైన కూనలే పుడతాయి. బ్రిటన్‌లో ఈ రెండు జాతులూ సుమారు రెండు వేల ఏళ్ళు పక్కపక్కనే ఉన్నా పెద్దగా కలవలేదనీ, గత 70 ఏళ్ళలోపే సంకరం విపరీతమైనదనీ 2023లో వెలువడిన జన్యు పరిశోధనలు చూపాయి. అడవిపిల్లులు వేటకూ అడవుల నరికివేతకూ తరిగిపోయి, తోడు దొరకక ఇంటిపిల్లులతో జత కట్టాయి. అక్కడి అడవిపిల్లులు ఇక స్వతంత్రంగా మనగలిగే స్థితిలో లేవని 2019లో నిపుణులు తేల్చారు. హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్కులో పెంచిన 19 అడవిపిల్లులను 2023లో కెయిర్న్‌గార్మ్స్ ప్రాంతంలో విడిచిపెట్టారు. మరుసటి ఏడు వాటికి అడవిలో కూనలు పుట్టాయి.

ఇక్కడ మచ్చిక తప్పిన పిల్లిని ఏం చేయాలి? చంపాలన్నవారూ ఉన్నారు. కాని చారల పిల్లిని దూరం నుంచి చూసి అది అడవిపిల్లో సంకరమో చెప్పడం కష్టం; పొరపాటున కాల్చేది చట్టం రక్షించే చివరి ప్రాణులలో ఒకటి కావచ్చు. అందువల్ల ఆ ప్రాంతంలో శస్త్రచికిత్సతో పాటు టీకా వేసి వదిలే పద్ధతిని ఎన్నుకున్నారు. సంతానం లేని పిల్లి వల్ల సంకర భయం లేదు. టీకా వేసిన పిల్లి వల్ల అంటువ్యాధుల భయం తక్కువ. పిల్లి పక్షమూ అడవి పక్షమూ ఒకే బోనును కలిసి మోసిన అరుదైన చోటు ఇది. ఆ ఒద్దిక ఎంత సున్నితమైనదో 2025లో తెలిసింది. వన్యప్రాణులకు ముప్పున్న ప్రాంతాలలో పెంపుడు పిల్లుల సంచారాన్ని కట్టడి చేసే విషయం పరిశీలించవచ్చునని స్కాట్లండు జంతు సంక్షేమ కమిషన్ సూచించగానే పెద్ద దుమారం రేగింది. పిల్లులను నిషేధించే ఆలోచన లేదని ప్రథమ మంత్రి జాన్ స్వినీయే చెప్పవలసి వచ్చింది.

అసెన్షన్ ద్వీపం నేర్పిన పాఠం

మూసిన పాత్ర ఎలా ఉంటుందో దక్షిణ అట్లాంటిక్‌లోని బ్రిటిష్ ద్వీపం అసెన్షన్ చూపింది. 1815లో అక్కడికి చేరిన పిల్లులు అడవి పట్టి, సముద్రపక్షులను తుడిచిపెట్టాయి. మిగిలినవి పిల్లి ఎక్కలేని కొండచరియలను, పక్కనున్న రాతిదిబ్బలను ఆశ్రయించాయి. 2002లో మొదలైన నిర్మూలన 2004లో పూర్తయింది. 2006లో ద్వీపానికి మచ్చిక తప్పిన పిల్లుల బెడద తొలగినట్లు ప్రకటించారు. పక్షులు తిరిగి వచ్చాయి. ప్రపంచంలో మరెక్కడా గూడు కట్టని అసెన్షన్ ఫ్రిగేట్ పక్షి, శతాబ్దానికి పైగా విడిచి ఉన్న ప్రధాన ద్వీపంపై 2012లో మళ్ళీ గుడ్లు పెట్టింది.

దానికి చెల్లించిన మూల్యమూ చెప్పాలి. శస్త్రచికిత్స చేసి, గురుతు పెట్టిన 168 పెంపుడు పిల్లులలో 38 శాతం పొరపాటున చనిపోయాయి. ద్వీపవాసుల దుఃఖమూ ఆగ్రహమూ పరిశోధన పత్రంలోకే ఎక్కాయి. చుట్టూ సముద్రమున్న ద్వీపంలో చంపడం వల్ల ఒక జాతి నిలిచింది. దారులన్నీ తెరిచి ఉన్న ఇంగ్లీషు పట్టణంలో అదే పని చేస్తే, చావులు మిగులుతాయి గాని ఫలితం మిగలదు.

ఇంటి గుమ్మం దగ్గర

జంతుప్రియుల తగవు సారాంశం ఇది. ఒకరు ఎదుట ఉన్న ప్రాణి బాధను లెక్కిస్తారు. మరొకరు కనబడని జాతి మనుగడను లెక్కిస్తారు. రెండు లెక్కలూ సరైనవే. ఏ చోట ఏది ముందు అన్నది ఆ స్థలమే చెబుతుంది. 2001 నాటి నిబంధనల నుంచి భారతదేశంలో వీధికుక్కల విషయమై సాగుతున్న వాదాన్ని ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కాదు.

రెండు పక్షాలూ ఒప్పుకునే మాట ఒకటున్నది. మచ్చిక తప్పిన ప్రతి పిల్లి వెనుకా, ఎన్ని తరాల కిందటనో, శస్త్రచికిత్స చేయించని ఒక పెంపుడు పిల్లి ఉన్నది. తొట్టిలోకి పడే ధార అదే. పిల్లిని పెంచుకునే తెలుగు కుటుంబం నాలుగు నెలల వయసుకే శస్త్రచికిత్స చేయించాలి. ఇంగ్లండులో ఉండేవారు 20 వారాలలోగా మైక్రోచిప్ కూడా పెట్టించాలి; 2024 జూన్ 10 నుంచి అది చట్టం. పెరటిలోకి వచ్చే ఊరూపేరూ లేని పిల్లికి పాలు పోసే అమ్మమ్మలు ఎందరో ఉన్నారు. ఆవుపాలు చాలా పిల్లులకు అరగవు; మంచినీళ్ళు మేలు. అంతకంటె మేలు, దాని ఎడమ చెవి కొన చూడటం. కొన తెగి ఉంటే ఎవరో ఒకరు దాని బాధ్యత వహించారన్నమాట. నిండుగా ఉంటే, గిన్నె పెట్టడంతో సరిపెట్టక, స్థానిక పిల్లుల సంరక్షణ సంస్థకు ఒక్క ఫోను చేయాలి. అన్నం పెట్టిన చేయే ఆ ఫోను కూడా చేస్తే, రేపటి చలికాలంలో షెడ్డు కింద వణికే కూనలు ఒక అరడజను తగ్గుతాయి.