"ఈ రోజు ఏం కూర?" వారానికి ఒకసారే ఆలోచిద్దాం!

పొద్దున్న లేచింది మొదలు మనల్ని వేధించే ప్రశ్న ఒకటుంది: "ఈ రోజు ఏం కూర?" అడిగినవాళ్ళు అడిగేసి తమ పనిలో పడిపోతారు. జవాబు వెతుక్కోవాల్సింది మాత్రం మనమే! ఒక పక్క పాలు పొంగుతుంటాయి, ఇంకో పక్క పిల్లల స్కూలు బస్సుకి టైమవుతుంటుంది. అలాంటప్పుడు చేతికి దొరికేవి నాలుగు బంగాళాదుంపలే. వేపుడు చేసేసి, చారు పెట్టేసి, ఆవకాయ జాడీ ముందు పెడితే ఆ పూటకి గండం గడిచినట్టే.

నా సంసారమూ ఇలాగే నడిచింది. గత ఏడాది మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9 అని తేలింది. మన ఆడవాళ్ళకి అది 12కి తగ్గకూడదు. "ఏం తింటున్నారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. నలుగురికి రెండు పూటలా వండి వార్చే నాకు చప్పున జవాబు తోచలేదంటే నమ్మండి!

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ లెక్క సగానికి పైనే.

ముందు వారం రోజుల చిట్టా

ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితం వెనక ఒక వారంపాటు ఏం వండానో, నేనేం తిన్నానో రాశాను. మీరూ రాసి చూడండి. నా చిట్టాలో బంగాళాదుంప నాలుగుసార్లు, ఆకుకూర ఒకే ఒక్కసారి వచ్చాయి. పప్పు మూడు రోజులే. ఇక నా కంచం సంగతి చెబితే నవ్వుతారు. అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన కూర, పచ్చడి, మజ్జిగన్నం, ఆ వెంటనే ఒక కప్పు టీ! వారంలో అయిదు రోజులు ఇదే తంతు.

ఎంత కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు కావాల్సిన మనిషికి బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు అని అందులో ఉంది. పప్పుల్లో కొంత బదులు గుడ్డు, చేప, మాంసం తినొచ్చు. ఇవన్నీ వండకముందు తూకాలు.

దీన్ని నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి వారానికి లెక్క కడితే ధాన్యాలు 7 కిలోలు, పప్పులు సుమారు 2.4 కిలోలు, కూరగాయలు 11 కిలోలు, పళ్ళు మూడు కిలోలకు కాస్త తక్కువ, నూనె, నెయ్యి కలిపి ముప్పావు కిలో. చిన్నపిల్లలుంటే కొంత తగ్గుతుంది, ఒళ్ళొంచి కష్టపడేవాళ్ళుంటే పెరుగుతుంది.

"పదకొండు కిలోల కూరగాయలా!" అని గుండె మీద చెయ్యేసుకున్నారు కదూ? నేనూ అంతే. మా ఇంట్లో వారానికి ఆరు కిలోలు మించేవి కావు. నూనె మాత్రం లీటరున్నర దాటేది! నూనె, చిరుతిళ్ళు తగ్గించిన డబ్బులో కొంత కూరగాయలకు మళ్ళించాను. ఆ కాలంలో విరివిగా దొరికేవే కొంటే చేతిచమురు వదలదు. ఒక్కసారే 11 కిలోలకు పోనక్కర్లేదు, నెలకో కిలో పెంచుకుంటూ పోయినా చాలు.

వాడిపోయేవి ముందు, నిలవుండేవి వెనక

శనివారం రాత్రి పది నిమిషాలు కూర్చుని వారం వంటలు రాసుకుంటాను. ఆదివారం పొద్దున్నే రైతు బజారుకి సంచీ పట్టుకెళ్తాను. సూత్రం ఒకటే: ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. తర్వాత బీర, బెండ, బీన్స్, సొర. గుమ్మడి, కంద, క్యాబేజీ వారం చివరికి. మధ్యలో వీధిలోకొచ్చే ఆకుకూరల బండి దగ్గర ఇంకో రెండు కట్టలు కొంటే సరి. మా ఇంటి పట్టిక ఇది:

ఆదివారం: ఇడ్లీ, సాంబారు. మధ్యాహ్నం చేపల పులుసు లేదా కోడికూర, తినని వాళ్ళకి అలసందల కూర. రాత్రి పాలకూర పప్పు.

సోమవారం: పెసరట్టు, అల్లం పచ్చడి. తోటకూర పులుసు, దొండకాయ కూర. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర.

మంగళవారం: క్యారెట్, బఠాణీ వేసిన ఉప్మా. బీరకాయ పప్పు, బెండకాయ కూర. రాత్రి చపాతీ, శనగల కూర.

బుధవారం: దోసె, పల్లీ చట్నీ. సొరకాయ పులుసు, కొబ్బరి వేసిన బీన్స్ కూర. రాత్రి కోడిగుడ్డు కూర లేదా పెసరపప్పు.

గురువారం: రాగి జావ, అరటిపండు. గోంగూర పప్పు, పొట్లకాయ కూర. రాత్రి టమాటా పప్పుచారు, క్యారెట్ కూర.

శుక్రవారం: మొలకెత్తిన పెసలు, అటుకుల ఉప్మా. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం. రాత్రి క్యాబేజీ పెసరపప్పు కూర.

శనివారం: దోసె, నువ్వుల పచ్చడి. కంద బచ్చలి కూర, పప్పుచారు. రాత్రి ఫలహారం, అంటే మినప రొట్టె, పళ్ళు.

రోజూ పెరుగు, ఏదో ఒక పండు తప్పనిసరి. ఇది రాతిమీద గీత కాదు. బంధువులొస్తే గురువారం వంట శుక్రవారానికి జరుగుతుంది, అంతే!

వంటింట్లో చిన్న జాగ్రత్తలు

* కూరగాయలు కడిగాకే తరగండి. తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు నీళ్ళతో పోతాయి.

* బియ్యం పదేపదే కడగకండి, గంజి వార్చకండి. సరిపడా నీళ్ళతో అత్తెసరు పెడితే బి విటమిన్లు మిగులుతాయి.

* ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబట్టాలంటే తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, లేదా భోజనంతోపాటు జామకాయ ముక్క తినండి.

* భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు వద్దు. అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు. నా తప్పు ఇక్కడే ఉంది!

* పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా మించకూడదు. ఆవకాయ, అప్పడం, వడియాల్లో ఉండేది కూడా లెక్కలోకే వస్తుంది. అందుకే మా ఇంట్లో ఊరగాయ రోజుకి ఒక్క పూటే.

* రాగులు మరవకండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

* వేయించగా మిగిలిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి.

మరి మన కంచం?

పట్టిక రాసిన మొదటి వారం పిల్లలు ముఖాలు ముడిచారు. "మళ్ళీ ఆకులేనా?" అన్నారు మావారు. వారంలో రెండు వంటలు వాళ్ళనే ఎంచుకోమన్నాను, గొడవ సగం తగ్గింది. కానీ అసలు చిక్కు ఇంకోటి. పట్టిక ఎంత బాగున్నా నేను తినేది మిగిలితేనే కదా!

దానికి మందు చెప్పింది మా అత్తగారే. ఒక రోజు నేను మజ్జిగన్నంలో పచ్చడి నంజుకుంటుంటే చూసి, "కూర మిగల్లేదా అమ్మాయ్?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. మర్నాడు వంట దించగానే ఆవిడే వచ్చి, నా వాటా కూర, పప్పు ఒక చిన్న గిన్నెలో తీసి మూత పెట్టారు. "మా రోజుల్లో మాకెవరూ తియ్యలేదు, నువ్వన్నా తిను" అన్నారు. ఆ మాటకి నా కళ్ళు చెమ్మగిల్లాయి. అప్పటినుంచి వడ్డనకు ముందే ఆ గిన్నె నిండుతుంది. ఆదివారాలు అందరం కలిసే కూర్చుంటున్నాం.

ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే 11.8 వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకున్నాను సుమా, ఇదంతా వంటలోని మహిమే అనను. మీకూ ఆయాసం, నీరసం ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఇంట్లో ఉంటే డాక్టరును అడిగి పట్టిక మార్చుకోండి.

ఈ శనివారం రాత్రి ఒక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. ఏడు రోజుల వంటలు రాశాక కింద ఇంకో వరస రాయడం మరవకండి: "నా గిన్నె ముందే తియ్యాలి" అని. అది రాయకపోతే ఎంత మంచి పట్టికైనా సగమే పూర్తయినట్టు!