యోకోహామా రేవులో ఆగిన కూలీల ఓడ

యోకోహామాలో కన్నై స్టేషన్‌లో రోజూ దిగే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పేరుకు అర్థం మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. కన్నై అంటే ‘కాపలా గేటుకు లోపలివైపు’. 1859లో ఈ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచాక, పరదేశీయుల బస్తీకి వెళ్లే వంతెనల దగ్గర తనిఖీ గేట్లు పెట్టారు.

అసలు ఒప్పందంలో ఉన్నది కనగావా పేరు. అది ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకి వెళ్లే రహదారి మీది ఊరు. తెల్లవాళ్లు ఆ దారిలో తిరిగితే గొడవలు వస్తాయని షోగన్ ప్రభుత్వం పక్కనే ఉన్న చేపలవాళ్ల పల్లెను చూపించి, ‘ఇదీ కనగావాయే’ అంది. దౌత్యవేత్తలు గొణిగారు. వర్తకులు మాత్రం ఓడలు నిలవడానికి ఇదే వీలని చూసుకుని కొట్లు తెరిచేశారు!

సరుకుల్లో పట్టుదే పెద్దపీట. అప్పట్లో యూరప్‌లో పట్టుపురుగులకు తెగులు సోకి, జపాన్ పట్టుకి, పురుగుల గుడ్లకి కూడా గిరాకీ వచ్చింది. ఒకటో నంబరు స్థలంలో జార్డిన్ మాథిసన్ కంపెనీ ఉండేది. ఇప్పుడక్కడ సిల్క్ సెంటర్ ఉంది. పోచంపల్లి, ధర్మవరం చీరల మధ్య పెరిగిన నాలాంటివాళ్లకి అక్కడి మ్యూజియంలో గంట సేపు ఇట్టే గడిచిపోతుంది. దొరలకు జపనీస్ రాదు, ఇక్కడివాళ్లకు ఇంగ్లిష్ రాదు. మధ్యలో బేరాలు కుదిర్చింది చైనా గుమాస్తాలు. లిపి ఒకటే కావడంతో కాగితం మీద రాసి పని జరిపేవారు. ఈనాటి చైనాటౌన్ పుట్టుక అదే.

దొరలు తప్పు చేస్తే జపాన్ కోర్టు విచారించడానికి లేదు. ఎవరి దేశం కాన్సుల్ వారిని విచారిస్తాడు. 1899 దాకా ఇదే పద్ధతి.

నన్ను బాగా పట్టుకున్న కథ 1872 నాటిది. ఆ జులైలో ‘మరియా లుజ్’ అనే పెరూ ఓడ తుపానుకి దెబ్బతిని ఇక్కడ ఆగింది. మకావు నుంచి కయావ్ రేవుకి 230 మందికి పైగా చైనా కూలీలను తీసుకెళ్తోంది. ఒక కూలీ రాత్రివేళ నీళ్లలోకి దూకి, రేవులో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకను చేరుకున్నాడు. అతణ్ని జపాన్ అధికారులకు అప్పగిస్తే, వాళ్లు తిరిగి కెప్టెన్‌కే అప్పజెప్పారు. ఓడలో శిక్ష తప్పలేదు. తరవాత మరొకడు దూకాడు. అప్పుడు కదిలింది ప్రభుత్వం.

పెరూతో జపాన్‌కి ఒప్పందమే లేదు. అందుకే విచారణకు దారి దొరికింది. కొందరు కాన్సుళ్లు అభ్యంతరం చెప్పినా ఓయె తకు అనే అధికారి వెనక్కి తగ్గలేదు. కూలీలు సంతకం చేసిన కాంట్రాక్టు ఉంది కదా అని కెప్టెన్ వాదన. అతని ఇంగ్లిష్ లాయరు డికిన్స్ ఇంకో అడుగు వేశాడు: మీ దేశంలో ఆడపిల్లలను వేశ్యావాటికలకు కాగితం రాసి అమ్మట్లేదా అని, అలాంటి పత్రాన్నే కోర్టులో పెట్టాడు. సూటైన దెబ్బే. అయినా తీర్పు కూలీల పక్షానే వచ్చింది. వాళ్లను స్వదేశం పంపారు. అదే ఏడాది వేశ్యలను బాకీ బంధం నుంచి విడిపిస్తూ జపాన్ ఉత్తర్వు ఇచ్చింది. ఆచరణలో ఆ వ్యాపారం లైసెన్సు పేరుతో మళ్లీ సాగిందనుకోండి. పెరూ నష్టపరిహారం అడిగితే రష్యా జార్ మధ్యవర్తిగా 1875లో జపాన్ పక్షాన తేల్చాడు.

ఇది చదువుతుంటే నాకు గుర్తొచ్చింది మనవాళ్లే. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లను ‘కోరంగి’ అని పిలిచారంటే, అది ఇప్పటి కాకినాడ జిల్లా తీరంలోని రేవు పేరే. చెరకు తోటల్లో అన్నేళ్ల పనికి వాళ్లు ఒప్పుకున్నది ఇంచుమించు ఇలాంటి కాగితాల మీదే. దారిలో వాళ్ల ఓడ ఏ యోకోహామాలోనూ ఆగలేదు.

తన కూలీల సంగతి జపాన్‌కీ వచ్చింది. 1899లో ‘సకురా మారు’ ఓడ 790 మంది జపాన్ ఒప్పంద కూలీలతో యోకోహామా నుంచి బయల్దేరింది. దిగింది పెరూలోని కయావ్‌లో. ‘మరియా లుజ్’ చేరాల్సిన రేవు అదే.