దిగే దారి చూసుకున్నారా?

లీట్‌కోడ్‌లో ‘మీడియం’ ప్రాబ్లమ్ ఒకటి ఇస్తే కిందామీదా పడైనా చేసేస్తారు. అలాంటివే వరసగా ఇరవై, వీపున బ్యాగు మోస్తూ, చీకటి పడేలోపు చేయమంటే? అమెరికాలోని మౌంట్ స్టువార్ట్ నార్త్ రిడ్జ్ అలాంటి పరీక్షే.

మనవాళ్లు బోలెడంతమంది ఉద్యోగాలు చేసే సియాటెల్‌కు తూర్పున, కాస్కేడ్ పర్వతాల్లో ఉందీ గ్రానైట్ శిఖరం. ఎత్తు సుమారు 2,870 మీటర్లు. దాని ఉత్తరాన కత్తి అంచులా పైకి లేచే రాతి వెన్నే ఈ రిడ్జ్. అడుగు నుంచి మొదలుపెడితే దాదాపు 900 మీటర్లు తాళ్లతో ఎక్కాలి. అక్కడ కష్టాన్ని 5.0 నుంచి 5.15 దాకా కొలుస్తారు. ఇది 5.9 మాత్రమే. మరి దెబ్బతినేది ఎక్కడ? పొడవు దగ్గర. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు తాడు పట్టుకోవాలి, మళ్లీ మారాలి. ఒక్కో మజిలీలో పావుగంట ఆలస్యమైతే చివరికి లెక్క ఎంతవుతుందో మీరే వేసుకోండి. నీళ్లు, రాత్రికి బట్టలు ఎక్కువ మోస్తే నడక మందగిస్తుంది. తక్కువ మోస్తే, చీకటి పడితే చలిలో వణకాలి.

పైభాగంలో ‘గ్రేట్ జెండార్మ్’ అనే రాతి బురుజు అడ్డం నిలుస్తుంది. ఫ్రెంచ్‌లో జెండార్మ్ అంటే పోలీసు. పేరు భలే కుదిరింది! 1956లో ఈ రిడ్జ్‌ను తొలిసారి ఎక్కిన జాన్ రప్లీ, డాన్ గోర్డన్ దాంతో కుస్తీ పట్టలేదు, పక్కనుంచి తప్పుకుని వెళ్లారు. అయినా తొలి ఆరోహణ ఘనత వాళ్లదే.

అసలు సంగతి శిఖరం మీద ఉంది. అక్కడితో పని అయిపోదు. ఎక్కింది ఉత్తరం నుంచి, చాలామంది దిగేది దక్షిణాన కాస్కేడియన్ కూల్వార్ అనే వదులు రాళ్ల లోయలోంచి. అలసిన కాళ్లతో, ఒక్కోసారి టార్చి వెలుగులో. అందుకే తెలివైనవాళ్లు కిందే రాసుకుంటారు: ఎన్ని గంటలకు ఎక్కడుండాలి, లేకపోతే ఎక్కడినుంచి వెనక్కి తిరగాలి. పైకెళ్లాక ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనిపిస్తుంది.

ఈ మాట మీకూ తెలుసు కదూ? గేట్‌కో, గ్రూప్స్‌కో ఇంకో ఏడాది ఆగుదామనుకునేటప్పుడు వచ్చేది ఇదే. నేనూ బీటెక్ అయ్యాక రెండేళ్లు అలాగే కూర్చున్నా. ఎప్పుడు ఆపాలో ఎక్కడా రాసుకోలేదు. రెండో ఏడు పూర్తిగా ఆ మాట మీదే గడిచింది. ప్రిపరేషన్ మొదలుపెట్టే రోజే ఒక తేదీ, ఒక మార్కు, పక్కదారిగా ఒక ఉద్యోగం రాసి పెట్టుకోండి. ఆ కాగితం అమ్మకో, స్నేహితుడికో ఇవ్వండి. మీ దగ్గరే ఉంటే దిద్దేస్తారు. నేనైతే కచ్చితంగా దిద్దేవాణ్ని.