క్రొత్త పచ్చికకు ఎరువు

ఇంటి ముంగిట కొంచెము నేల మిగిలినచో అందు పచ్చిక పెంచవలెనను కోరిక గృహిణులకు సహజము. పచ్చిక యున్నచోట దుమ్ము లేవదు. బిడ్డలు పడినను పెద్ద దెబ్బ తగులదు. కాని నాటిన వారమునకే “ఇంకను పచ్చబడలేదే” యని తొందరపడి, గుప్పెళ్లకొలది ఎరువు చల్లి, ఉన్నది కాస్తయు మాడ్చుకొనువారు పెక్కుమంది. ఆ యెరువు ఎప్పుడు, ఎంత, ఎట్లు వేయవలెనో విన్నవింతుము.

మన యెండలకు తగిన పచ్చిక గరిక. అమరకోశమున దీనికి శతపర్విక యని యొక పేరు కలదు. నూఱు కణుపులు గలదని యర్థము. నేలను తాకిన కణుపునుండి వేరు పుట్టుట దీని స్వభావము. అందుచేతనే తొలకరి వానలు పడిన పిదప కాడలను త్రుంచి, బెత్తెడు యెడముగా నాటుదుము.

మొదటి యెరువు నాటుటకు ముందే నేలలో చేరవలెను. బాగుగా చివికిన పశువుల యెరువును అంగుళము మందమున పఱచి, జానెడు లోతున మట్టిలో కలుపవలెను. వేళ్లకు బలమిచ్చు సూపరు ఫాస్ఫేటును అప్పుడే కలుపుట మేలు. పచ్చిపేడ పనికిరాదు, అది వేడిచేయును, కలుపు విత్తులను తెచ్చును.

నాటిన పిమ్మట నాలుగు వారములు నీరే దాని యాహారము. ఆఱవ నెల రాకమునుపే బిడ్డకు అన్నప్రాశనము చేయము గదా! ఊరగాయ ముక్కలనుండి ఉప్పు నీటిని లాగు విధము మనకు తెలిసినదే. రసాయనపు టెరువును లేతవేళ్లనుండి అట్లే నీటిని లాగివేయును.

నాలుగు వారములు గడచిన పిదప కాడను మెల్లగా లాగి చూడవలెను. ఊడిరాకున్నచో వేరు పట్టినదని తెలియవలెను. ఒకసారి పైపైని కత్తిరించి, అటుపిమ్మట ఎరువు వేయవచ్చును. నూఱు చదరపు గజములకు అరకిలో యూరియా చాలును. దానిని పదింతల పొడి యిసుకతో కలిపి, సగము నిలువునను సగము అడ్డముగను నడచుచు చల్లినచో అంతటను సమముగా పడును. సాయంకాలమున, ఆకులు పొడిగా నున్నప్పుడు చల్లి, వెంటనే నీరు పెట్టవలెను. నీరు పెట్టనిచో కొంత గాలిలో కలిసిపోవును. యూరియా వలదనువారు నాలుగైదు కిలోల వేపపిండిని వాడవచ్చును. ఫలము ఆలస్యమైనను మాడునను భయము తక్కువ. పెరుగుదల చురుకుగా నున్నంతకాలము ఆఱేసి వారముల కొకమారు వేసి, చలికాలమున మానవలెను.

పెద్దవాన రానున్నప్పుడును, నూతి దరిని వేయరాదు. 2015వ సంవత్సరమునుండి మన దేశమున యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి యైనది. దానిచే ఎరువు మెల్లమెల్లగా మాఱును. అయినను గరిక త్రాగలేనంత వేసినచో మిగిలినది నైట్రేటుగా మాఱి నేలలోనికి దిగి నూతినీటిలో చేరును. ఆ నీటితో పాలు కలిపి పట్టినచో, ఆఱునెలలలోపు శిశువుల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి, మేను నీలివన్నె కెక్కవచ్చును. కాచినను నైట్రేటు పోదు. మఱిగినకొలది మఱింత చిక్కబడును.

ఇంటికి అందము తెచ్చు పచ్చిక యింటి బిడ్డకు కీడు కారాదు. కావున ఎరువు గిన్నె చేతబట్టునపుడు, వంటలో ఉప్పు వేయునపు డుండు జాగ్రత్తయే సోదరీమణులు వహింతురుగాక యని కోరుచున్నాము.