పొగకు ధర కడితే...

ఒక ఊరి పక్కన రెండు మిల్లులు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క దాని పొగగొట్టం నుంచి నెలకు 20 టన్నుల ధూళి గాలిలో కలుస్తోంది. మొత్తం 40 టన్నులు. దీన్ని 30 టన్నులకు తగ్గించాలి. ఎవరు ఎంత తగ్గించాలి?

'చెరి సగం' అంటారు మీరు. న్యాయంగానే ఉంది. కాని లెక్క వేసి చూడండి. టన్ను ధూళిని ఆపడానికి మొదటి మిల్లుకు 10 వేల రూపాయలు, పాత యంత్రాలున్న రెండో మిల్లుకు 40 వేలు ఖర్చవుతుందనుకుందాం. చెరి 5 టన్నులు తగ్గిస్తే మొత్తం ఖర్చు రెండున్నర లక్షలు. 10 టన్నులూ మొదటి మిల్లే తగ్గిస్తే లక్షతో సరి! ఎలా చేసినా ఆగిన ధూళి మాత్రం ఒక్కటే.

మరి ఆ భారమంతా మొదటి మిల్లు ఎందుకు మోస్తుంది? అందుకే పర్మిట్ల పద్ధతి వచ్చింది. చెరి 15 టన్నులకు పర్మిట్లు ఇచ్చి, వాటిని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అంటారు. రెండో మిల్లు టన్నుకు 25 వేల చొప్పున 5 టన్నుల పర్మిట్లు కొంటే, 2 లక్షలకు బదులు లక్షా పాతిక వేలతో బయటపడుతుంది. మొదటి మిల్లుకు లక్ష ఖర్చయినా లక్షా పాతిక వేలు చేతికొస్తాయి. ఇద్దరికీ లాభమే.

పర్యావరణ విధానాల ఆర్థిక సామర్థ్యాన్ని తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. అనుకున్న ఫలితం అతి తక్కువ ఖర్చుతో వచ్చిందా? ఆ ఖర్చుకన్నా ప్రజలకు కలిగిన మేలు ఎక్కువా?

పర్మిట్ల ఆలోచనను కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ 1968లోనే వివరించాడు. 1995 నుంచి అమెరికా తన విద్యుత్కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌పై దీన్ని అమలు చేసింది. ధూళి కణాల విషయంలో ఇలాంటి ప్రయోగం 2019లో మన సూరత్‌లో జరిగింది. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కార్మికులెందరో స్థిరపడిన నగరం అది. అక్కడి బట్టల మిల్లులు బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ మండిస్తాయి.

పాత పద్ధతిలో అధికారులు ఎప్పుడో ఒకసారి వచ్చి పొగను పరీక్షించేవారు. మొత్తం ఎంత ధూళి వెలువడిందో తెలిసేది కాదు. కొలవలేనిదాన్ని అమ్మడం, కొనడం ఎలా? అందుకని ముందు పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు అమర్చారు. ఆ తర్వాత, కొత్త మందును పరీక్షించినట్టే, 300 పైచిలుకు కర్మాగారాలను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించారు. ఒక భాగాన్ని పర్మిట్ల మార్కెట్లో చేర్చి, రెండో భాగాన్ని పాత నిబంధనల కిందే ఉంచారు. కొలిచే పరికరాలు రెండింటికీ ఉన్నాయి. కాబట్టి తేడా కనిపిస్తే అది మార్కెట్ వల్లనే అని చెప్పవచ్చు.

ఫలితం ఏమిటి? మార్కెట్లో ఉన్న కర్మాగారాల ధూళి, మిగతావాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. అంతే ధూళిని ఆపడానికయ్యే ఖర్చు పదో వంతుకు పైగా దిగివచ్చింది. తప్పిన అకాల మరణాలకు విలువ కట్టి చూస్తే, ఖర్చుకు కనీసం 25 రెట్లు మేలు జరిగిందని పరిశోధకులు లెక్క తేల్చారు. రెండు పరీక్షలూ నెగ్గినట్టే!

అయితే ఒక్క మాట. మన ఉదాహరణలో రెండో మిల్లు తన 20 టన్నులూ వదులుతూనే ఉంది. దాని పక్క వీధిలో ఉండేవారికి మొత్తం 30కి తగ్గినా ఒరిగేదేముంది? సామర్థ్యం ఖర్చు ఎంతో చెబుతుంది. ఆ మేలు ఎవరికి దక్కిందో చెప్పదు. అందుకే రేపు మీ ఊళ్లో కాలుష్యానికి ఏ కొత్త నిబంధన వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి: కొలుస్తున్నారా? ఇంతకన్నా తక్కువ ఖర్చుతో సాధ్యమా? మిగిలిన పొగ ఎవరి ఇంటి మీద పడుతోంది?