పుస్తకమే లేని బోర్డుకి ప్రాణం!

మిక్సీ కొంటే దాంతోపాటు ఎలా వాడాలో చెప్పే పుస్తకం వస్తుంది. చవకగా దొరికే చిన్న కంప్యూటర్ బోర్డులు కొన్నిటికి అదీ ఉండదు. లోపలి చిప్ సంగతులు కంపెనీ చెప్పదు. మరి వాటి మీద లినక్స్ నడిపేదెలా?

ముందు బోర్డు మాట వినాలి. చాలా బోర్డుల మీద మూడు నాలుగు సీరియల్ పిన్నులుంటాయి. కరెంటు ఇవ్వగానే మెమరీ ఎంతో, ప్రాసెసర్ ఏదో వాటిద్వారా అక్షరాల్లో బయటికొస్తుంది. ఏ భాగం ఎక్కడుందో ఒక్కొక్కటే ఆరా తీసి 'డివైస్ ట్రీ' అనే పట్టిక రాయాలి. అది చూసే లినక్స్ బోర్డును గుర్తుపడుతుంది.

అసలు చిక్కు తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌తోనే. ఇలాంటి బోర్డుల్లో ఎక్కువగా వాడే మాలి చిప్‌ల వివరాలను ఆర్మ్ కంపెనీ అప్పట్లో బయటపెట్టలేదు. అలిస్సా రోసెన్‌జ్వైగ్ మరికొందరితో కలిసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ చిప్‌కి పంపే ఆజ్ఞల్ని మధ్యలోనే పట్టి చూశారు. ప్రోగ్రాములో ఒక్క మార్పు చేయడం, ఆజ్ఞల్లో ఏ అంకె మారిందో రాసుకోవడం. రుచి చూసి పొడిలో దినుసులు కనిపెట్టినట్టే! అలా తయారైన 'పాన్‌ఫ్రాస్ట్' డ్రైవర్ 2019లో లినక్స్ 5.2లో చేరింది. 2020 సంవత్సరానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కొత్తవారికిచ్చే అవార్డు అలిస్సాకి దక్కింది.

దీనివల్ల మనకేమిటంటారా? కంపెనీ చేతులెత్తేసినా, డబ్బిచ్చి కొన్న వస్తువు చెత్తబుట్ట పాలవదు.

మీ అమ్మాయి పాత రౌటర్ మూత విప్పుకుని కూర్చుంటే కసరకండి. ప్లగ్గు తీసిందో లేదో చూసి, పక్కనే ఓ నోటుపుస్తకం పెట్టండి. ఈ పనికి మొదట కావలసింది అదే.