పోలియో వైరస్ ఆర్.ఎన్.ఎ.లో సంరక్షిత అంశాలు: ప్రతికృతి, పరిణామం

పోలియో వైరస్ జన్యుపదార్థం ఒంటి పోచ ఆర్.ఎన్.ఎ. దాని పొడవు సుమారు 7,500 న్యూక్లియోటైడ్లు. దీనికి నకళ్లు తీసే పాలిమరేజ్ ఎన్‌జైమ్‌కు తన తప్పులను సరిదిద్దుకునే శక్తి లేదు. సుమారు 10,000 న్యూక్లియోటైడ్లకు ఒక తప్పు దొర్లుతుందనుకుంటే, దాదాపు ప్రతి నకలులోనూ ఒక ఉత్పరివర్తనానికి అవకాశం ఉన్నట్లే. అయినా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు సంవత్సరాల్లో సేకరించిన వైరస్‌లను పోల్చినప్పుడు కొన్ని భాగాలు ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. వీటినే సంరక్షిత అంశాలు అంటాం. ఈ పేరు వినగానే ఎవరో భద్రపరచినట్లు అనిపిస్తుంది. నిజానికి అక్కడ కూడా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. ఆ తప్పులున్న వైరస్‌లు సంతతిని మిగల్చలేవు, అంతే.

ఇక్కడ సంరక్షితమయ్యేది అక్షరాల వరుస మాత్రమే కాదు, ఆకారం కూడా. ఆర్.ఎన్.ఎ. తనమీదకు తానే మడతపడినప్పుడు జి-సి, ఎ-యు క్షారాలు జతకట్టి కాండంగా, జతకట్టనివి వలయంగా ఏర్పడి జడపిన్ను ఆకారం వస్తుంది. కాగితం మీద గీసి చూడండి. కాండంలోని ఒక జి-సి జతలో జి మాత్రమే ఎ గా మారితే జత విడిపోతుంది. ఎదుటి సి కూడా యు గా మారితే జత తిరిగి కుదురుతుంది. ఇటువంటి జంట మార్పులు అనేక వైరస్‌లలో ఒకే చోట కనిపిస్తే, అక్కడి ఆకారానికి ఏదో పని ఉందని చెప్పవచ్చు. నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగిన పరిణామ సాక్ష్యం తక్కువ.

ఆర్.ఎన్.ఎ. 5' చివర ఉన్న మొదటి 90 న్యూక్లియోటైడ్లు క్లోవర్ ఆకు ఆకారంలో మడతపడతాయి. వైరస్ ప్రోటీన్లు, అతిథేయి కణ ప్రోటీన్లు దీనికి అంటుకుంటేనే ప్రతికృతి మొదలవుతుంది. అంతకంటే ఆసక్తికరమైనది 'క్రె' అనే చిన్న జడపిన్ను. ఇది 2సి ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగం మధ్యలో ఉంటుంది. పాలిమరేజ్ ప్రైమర్ లేకుండా పని ప్రారంభించలేదు. క్రె వలయంలోని ఎ క్షారాన్ని మూసగా వాడుకుని, వి.పి.జి. అనే చిన్న ప్రోటీన్‌కు రెండు యు లు చేరుస్తుంది. అదే ప్రైమర్ అవుతుంది. మామూలుగా కోడాన్‌లో మూడవ అక్షరం మారినా చాలాసార్లు అమైనో ఆమ్లం మారదు, కనుక అక్కడ స్వేచ్ఛ ఎక్కువ. క్రె ఉన్నచోట మాత్రం ఆ మూడవ అక్షరాలు కూడా కదలవు. ఒకే అక్షరాల వరుస రెండు బాధ్యతలు మోస్తున్నదన్నమాట.

బంధువులైన ఇతర వైరస్‌లలో క్రె స్థానం వేరు. రైనోవైరస్ 14లో అది కవచ ప్రోటీన్ భాగంలో ఉంది. అంటే పరిణామంలో పని నిలిచింది, చోటు మారింది. ప్రయోగశాలలో పోలియో క్రెను 5' చివరి భాగానికి తరలించినా వైరస్ పెరుగుతుంది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

క్లోవర్ ఆకు తరవాత అంతర్గత రైబోసోమ్ ప్రవేశ స్థానం ఉంటుంది. ప్రోటీన్ల తయారీకి రైబోసోమ్ ఇక్కడే దిగుతుంది. సేబిన్ చుక్కల మందులోని మూడు రకాల వైరస్‌లూ బలహీనపడటానికి ఒక ముఖ్య కారణం ఇందులోని ఐదవ డొమైన్‌లో ఉన్న ఒక్కొక్క మార్పు. మొదటి రకంలో అది 480వ స్థానం, రెండవ రకంలో 481, మూడవ రకంలో 472. మూడవ రకంలో సి స్థానంలో యు వచ్చి, గట్టి జి-సి జత వదులైన జి-యు జత అయింది. దానితో నాడీకణాల్లో వైరస్ ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది. కాని ఆ యు తిరిగి సి కావడానికి ఒక్క తప్పు చాలు. టీకా వేసుకున్న పిల్లల పేగుల్లో కొద్ది రోజుల్లోనే ఇది జరుగుతుంది. వ్యాధినిరోధకత తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇటువంటి వైరస్ పిల్లల నుంచి పిల్లలకు పాకి, మళ్లీ పక్షవాతం కలిగించవచ్చు.

సహజ రెండవ రకం వైరస్ చివరిసారి 1999లో మన దేశంలోనే, అలీగఢ్‌లో కనిపించింది. అందుకే 2016 ఏప్రిల్‌లో రెండవ రకాన్ని ప్రపంచమంతటా సాధారణ చుక్కల మందు నుంచి తొలగించారు. టీకా నుంచి పుట్టిన రెండవ రకం వైరస్ మాత్రం ఆఫ్రికాలో వ్యాపిస్తూనే వచ్చింది. దీనికి జవాబుగా రూపొందించిన కొత్త టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో అత్యవసర వినియోగ అనుమతి ఇచ్చింది. మన హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ సంస్థ కూడా దీనిని తయారు చేస్తోంది.

ఇందులో ఐదవ డొమైన్ జతలను తిరిగి అమర్చారు. జి-యు జత ఒక్క మార్పుతో జి-సి కాగలదు. ఎ-యు జతకు రెండు మార్పులు కావాలి, పైగా మధ్య దశ మొదటిదానికంటే బలహీనం. వైరస్‌కు ఆ మెట్టు దాటడం కష్టం. ఇక క్రెను 5' భాగానికి తరలించి, 2సి లోని పాత క్రెను పనికిరాకుండా చేశారు. ఇప్పుడు ఈ వైరస్ పునఃసంయోజనం ద్వారా మరొక ఎంటెరోవైరస్ నుంచి బలమైన 5' భాగాన్ని తెచ్చుకుంటే, తన క్రెను పోగొట్టుకుని నశిస్తుంది.

అయితే వచ్చే వైరస్ 5' భాగంతోపాటు పనిచేసే 2సి క్రెను కూడా ఇవ్వగలిగితే ఈ అడ్డు తొలగిపోతుంది. కొత్త టీకా నుంచి పుట్టిన వైరస్ వల్ల పక్షవాతం కేసులు 2023లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, బురుండీలలో బయటపడ్డాయి. పాత టీకాతో పోలిస్తే ఇవి చాలా అరుదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 2సి లోని పాత క్రెను చెడగొట్టకుండా, 5' భాగంలో కొత్త క్రెను చేర్చడం మాత్రమే చేసి ఉంటే పునఃసంయోజనం వల్ల ఏమి జరిగేది? పటం గీసి వివరించండి.